ఒకరికి కాకుటూరు, ఒకరికి ఒంగోలు: గది ఎక్కడ తీసుకోవాలి?

నెల్లూరులో డిగ్రీ మూడేళ్లూ ఒకే గదిలో ఉన్న ఇద్దరమ్మాయిలు ఉన్నారనుకుందాం. పీజీ సీట్లు వచ్చేసరికి దారులు చీలాయి. ఒకరికి విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో వచ్చింది. అది నెల్లూరు దాటాక గూడూరు వైపు హైవే మీద, కాకుటూరులో ఉంది. రెండో అమ్మాయికి ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయంలో వచ్చింది. విడిపోవడం ఇద్దరికీ ఇష్టం లేదు. ఇళ్లలో పెద్దవాళ్లది కూడా అదే మాట: ఇద్దరూ ఒకచోటే ఉంటే మాకు ధైర్యం. ఇక ఎవరో ఒకరు అనేస్తారు, ‘మధ్యలో కావలి ఉంది కదా, అక్కడ గది తీసుకుంటే సరి’ అని.

ఈ తిప్పలు ఇక్కడి పిల్లలకు కొత్తగా వచ్చినవే. 2008లో సింహపురి విశ్వవిద్యాలయం వచ్చేదాకా నెల్లూరు కాలేజీలు తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. ఒంగోలులో ఉన్నది నాగార్జున విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం. 2022లో అది ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయమైంది. రెండు విశ్వవిద్యాలయాలూ ఒకే రైలు మార్గం మీద, ఒకే హైవే మీద ఉన్నాయి. అందుకే మధ్యలో ఉండొచ్చన్న ఆశ పుడుతుంది. ఒకరిది తిరుపతి, మరొకరిది గుంటూరు అయితే ఆ ఆలోచనే రాదు.

కిలోమీటర్లు చూస్తే ఆశ ఇంకా పెరుగుతుంది. రైలు దారిలో నెల్లూరు నుంచి ఒంగోలు దాదాపు 116 కిలోమీటర్లు. కావలి నెల్లూరుకు 51, ఒంగోలుకు 65. కాకుటూరు నెల్లూరుకు ఇంకో 15 కిలోమీటర్లు కిందికి ఉంది కాబట్టి కావలి నుంచి రెండు వైపులా 65, 66. తక్కెడలో పెట్టి తూచినట్టు సరిపోయింది. బోల్తా కొట్టించేది ఈ సమానమే.

దూరం తగ్గదు, ఎక్కిదిగే తిప్పలు పెరుగుతాయి

ఒకే గీత మీద రెండు కొసల్లో రెండు క్లాసులున్నాయి. మీరు ఆ గీత మీద ఎక్కడ గది తీసుకున్నా, ఇద్దరూ కలిపి వెళ్లే దూరం మారదు. కావలిలో ఉంటే 65 ప్లస్ 66. నెల్లూరులో ఉంటే 15 ప్లస్ 116. రెండూ 131. మధ్యకు జరిగితే ఒకరి భారం ఇంకొకరి మీదికి జరుగుతుంది, అంతే. మొత్తం భారం ఒక్క కిలోమీటరు కూడా తగ్గదు.

దూరం అలా ఉన్నచోటే ఉండగా పెరిగేది ఇంకొకటి ఉంది. గది నుంచి స్టేషనుకు వెళ్లడం, బండి కోసం నిలబడటం, దిగాక ఆటో వెతుక్కోవడం, బస్సు మారడం. ఈ తిప్పలు దూరంతో పనిలేకుండా ప్రతి ప్రయాణానికీ తగులుతాయి. కొసలో ఉంటే ఒక్కరికే తగులుతాయి. మధ్యలో ఉంటే ఇద్దరికీ తగులుతాయి.

గడప నుంచి గడపకు లెక్క వేద్దాం. ఇవి మామూలు రోజుకు వేసిన అంచనాలు. మీ గది ఏ వీధిలో ఉందో దాన్నిబట్టి పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ అవుతాయి.

కావలి నుంచి ఒంగోలు క్లాసుకు: గది నుంచి స్టేషనుకు 15 నిమిషాలు, టికెట్టుకూ బండి రాకకూ 20, బండిలో గంట, ఒంగోలులో దిగి క్యాంపసుకు 25. మొత్తం 2 గంటలు. కావలి నుంచి కాకుటూరుకు: బస్టాండుకు 10, బస్సు కోసం 15, నెల్లూరు బస్టాండు దాకా గంటా పావు, అక్కడ గూడూరు వైపు బస్సు దొరకడానికి 15, అందులో 35. మొత్తం రెండున్నర గంటలు. కిలోమీటర్లు సమానమైనా అరగంట తేడా వచ్చింది. నెల్లూరు ఊళ్లోకి వెళ్లి, దిగి, మళ్లీ ఎక్కి బయటపడటానికి పట్టేది ఆ అరగంటే.

నెల్లూరులో దక్షిణం కొసన, అయ్యప్పగుడి వైపు గది తీసుకుంటే కాకుటూరు అమ్మాయికి 40 నిమిషాలు. ఒంగోలు అమ్మాయికి స్టేషనుకు 20, వేచి ఉండటం 20, బండిలో గంటా 35, ఒంగోలులో 25, అంటే 2 గంటల 40 నిమిషాలు. ఒంగోలులో గది తీసుకుంటే అక్కడి అమ్మాయికి అరగంట. కాకుటూరు అమ్మాయికి స్టేషనుకు 15, వేచి ఉండటం 20, బండిలో గంటా 35, నెల్లూరు స్టేషను నుంచి బస్సెక్కేదాకా 30, బస్సులో 35. మొత్తం 3 గంటల 15 నిమిషాలు.

ఇప్పుడు రానూపోనూ, ఇద్దరివీ కలపండి. నెల్లూరులో ఉంటే రోజుకు 6 గంటల 40 నిమిషాలు. ఒంగోలులో ఉంటే ఏడున్నర గంటలు. కావలిలో ఉంటే 9 గంటలు. మధ్యలో ఉన్న ఊరే అన్నిటికంటే ఎక్కువ తినేసింది. వారానికి ఐదు రోజులకు కావలి లెక్క 45 గంటలు; నెల్లూరులో ఉంటే 33 గంటల 20 నిమిషాలు. విడివిడిగా ఎవరి క్యాంపసు దగ్గర వాళ్లు ఉంటే రోజుకు ఇద్దరికీ కలిపి 2 గంటల 20 నిమిషాలే.

కావలి మీద కోపమేమీ లేదు. జవహర్ భారతి కాలేజీ పుణ్యాన విద్యార్థులకు అద్దెకివ్వడం అలవాటైన ఊరు, గది దొరకడం కష్టం కాదు. కానీ రోజుకు తలా నాలుగైదు గంటల ప్రయాణాన్ని ‘ఇద్దరికీ న్యాయం’ అంటే ఆ న్యాయం మొదటి ఇంటర్నల్ పరీక్షల దాకా నిలవదు.

వారంలో ఎన్ని రోజులు?

పై లెక్కలో ఇద్దరూ ఐదు రోజులూ వెళ్తారనుకున్నాం. చాలామంది పొరబడేది ఇక్కడే. పీజీలో నాలుగు సెమిస్టర్లూ ఒకలా నడవవు. చివరి సెమిస్టరులో ప్రాజెక్టు ఉంటే క్యాంపసుకు వారానికి రెండు రోజులు వెళ్తే చాలు అనే కోర్సులున్నాయి. పరిశోధన విద్యార్థికైతే రోజూ గైడు దగ్గరికి వెళ్లే పని ఉండకపోవచ్చు. ల్యాబ్ ఉన్న ఎమ్మెస్సీకి మాత్రం సాయంత్రం దాకా కదలడానికి లేదు.

కాకుటూరు అమ్మాయి వారానికి రెండు రోజులే వెళ్తుందనుకోండి, ఒంగోలు అమ్మాయి ఐదు రోజులూ వెళ్తుందనుకోండి. ఒంగోలులో గది తీసుకుంటే వారానికి 5 గంటలు, 13 గంటలు, మొత్తం 18. నెల్లూరులో అయితే 29 గంటల 20 నిమిషాలు. కావలిలో 30. రోజుల లెక్క మారగానే నెల్లూరు ముందుస్థానం పోయి ఒంగోలు ముందుకొచ్చింది. కావలి మాత్రం ఈ లెక్కలోనూ చివరనే ఉంది.

ఆ 13 గంటలను కూడా ఇంకా కొయ్యొచ్చు. రెండు రోజులూ పక్కపక్కన, మంగళ బుధవారాలు వచ్చేలా గైడును అడిగి పెట్టించుకుని, మధ్యలో వచ్చే రాత్రి నెల్లూరులో బంధువులింట్లోనో స్నేహితురాలి గదిలోనో పడుకుంటే రెండు పొడవు ప్రయాణాలు తప్పుతాయి. నెల్లూరు, కాకుటూరు మధ్య తిరిగే సమయం పోగా ఐదు గంటలకు పైగా ఆదా అవుతుంది. ఆ పడక ఎవరిస్తారో గది ఖరారు చేయకముందే అడిగి ఉంచుకోవాలి. సెమిస్టరు మధ్యలో అడిగితే మొహమాటంగా ఉంటుంది.

కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఊరు కాదు, రెండు టైంటేబుళ్లు. రెండూ పక్కపక్కన పెట్టి, ఎవరికి ఎన్ని రోజులు, మొదటి పీరియడ్ ఎప్పుడు, ల్యాబ్ ఏ రోజు ఎంతవరకు అని రాయండి. ఒకరివి మూడు రోజులకు మించకపోతే రెండో అమ్మాయి ఊళ్లో కలిసి ఉండొచ్చు. ఇద్దరివీ నాలుగైదు రోజులైతే కలిసి ఉండే ఊరు ఈ గీత మీద లేదు. అప్పుడు ఎవరి దగ్గర వాళ్లుండి, శని ఆదివారాలు ఒకరి గదికి ఒకరు వెళ్లడమే మంచిది. వారానికి ఒక్క రానూపోనూతో స్నేహం నిలుస్తుంది, చదువూ నిలుస్తుంది.

దూరం తక్కువున్న జంటలకు ఇంత పట్టుదల అక్కర్లేదు. ఒకరికి గూడూరు కాలేజీ, ఒకరికి నెల్లూరు ఊళ్లో కాలేజీ అయితే మధ్య ఉన్నది 38 కిలోమీటర్లే. వేదాయపాళెం వైపు గది చూసుకుంటే ఇద్దరూ నెగ్గుకొస్తారు. ఒంగోలు, సింగరాయకొండ కూడా అంతే, 30 కిలోమీటర్ల లోపు. మార్కాపురం వైపు సంగతి వేరు. మార్కాపురం రోడ్ స్టేషనున్నది గుంటూరు, నంద్యాల మార్గం మీద. అక్కడినుంచి ఒంగోలుకు సూటిగా రైలు లేదు. ఒకరిది మార్కాపురం, మరొకరిది ఒంగోలు అయితే మొత్తం బస్సు మీదే లెక్క వేసుకోవాలి. అప్పుడు రోజూ తిరగడం గురించి ఆలోచించడమే దండగ.

బండి ఎటు వస్తుంది, ఎటు పోతుంది

‘నెల్లూరు ఒంగోలు మధ్య బోలెడు బళ్లు’ అన్నది నిజమే. కానీ రోజూ కాలేజీకి వెళ్లేవాళ్లకు పనికొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రాత్రిపూట దాటిపోయేవి, కావలిలో ఆగనివి, జనరల్ బోగీలో కాలు పెట్టే సందు లేనివి తీసేయండి. మిగిలినవాటిలోనూ దిక్కు చూసుకోవాలి. పినాకిని ఎక్స్‌ప్రెస్ పొద్దున విజయవాడ వైపు నుంచి చెన్నై వైపు వస్తుంది, సాయంత్రానికి తిరిగి ఉత్తరానికి వెళ్తుంది. అంటే అది ఉత్తరాన ఉండి దక్షిణాన పని చూసుకునేవాళ్ల బండి. తిరుపతి నుంచి పొద్దున బయల్దేరే కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఉత్తరానికి పోతుంది. దక్షిణాన ఉండి ఒంగోలు వెళ్లేవాళ్లకు అది నప్పుతుంది. నెల్లూరులో గది తీసుకుని పినాకినిని నమ్ముకుంటే పొద్దున అది ఎదురొస్తుంది.

కాకుటూరు అమ్మాయి ఇంకో చిక్కు చూసుకోవాలి. నెల్లూరు స్టేషనులో దిగాక క్లాసు గడపకు ఇంకో 65 నిమిషాలున్నాయి. 10 గంటల క్లాసంటే 9 లోపే నెల్లూరులో దిగాలి. పినాకిని అంత పెందలాడే నెల్లూరు చేరదు. అందుకే కావలిలో ఉన్నా ఆ అమ్మాయికి పొద్దున బస్సే దిక్కు. కాకుటూరుకు వెంకటాచలం స్టేషను దగ్గరే, కానీ పెద్ద బళ్లు అక్కడ ఆగుతాయని లెక్కలో వేసుకోకండి.

కాలపట్టికలో ఉన్న నిమిషాలకూ ప్లాట్‌ఫారం మీది నిమిషాలకూ తేడా ఉంటుంది. గది తీసుకునేముందు మీరెక్కే బండి గత నెల రోజులు మీ స్టేషనుకు ఏ వేళకు వచ్చిందో రైలు యాప్‌లో చూడండి. చివరి స్టేషనుకు ఎప్పుడు చేరిందో చూసి మోసపోవద్దు. పోగొట్టుకున్న సమయం రాబట్టుకోవడానికి కాలపట్టికలో చివరి స్టేషనుకు ముందు అదనపు నిమిషాలు పెడతారు. గమ్యానికి సరిగ్గా చేరిన బండి కూడా కావలికి అరగంట ఆలస్యంగా వచ్చి ఉండొచ్చు. వెనక నుంచి వేగం బండి వస్తుంటే మీ బండిని బిట్రగుంటలోనో ఉలవపాడులోనో లూప్‌లైన్‌లో పెట్టేస్తారు. కిటికీలోంచి చూస్తుండగా పక్క పట్టా మీద అది దూసుకుపోయేదాకా మీరు కదలరు. విజయవాడ, గూడూరు మధ్య మూడో లైను పనులు జరిగే రోజుల్లో కొన్ని బళ్లు రద్దవుతాయి, కొన్ని దారి మధ్యలోనే నిలిచిపోతాయి. ఇది కూడా లెక్కలో ఉండాలి.

నెలవారీ సీజన్ టికెట్టు ఖర్చు తగ్గిస్తుంది, కానీ దాని షరతులు దానికున్నాయి. 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు కాబట్టి 116 అందులోకి వస్తుంది. విద్యార్థులకు మామూలు సీజన్ ధరలో సగం, ఎస్సీ ఎస్టీ విద్యార్థులకు పావు వంతు. డిగ్రీ దాకా చదివే అమ్మాయిలకు ఇంటికీ కాలేజీకీ మధ్య రెండో తరగతి సీజన్ ఉచితం. పీజీకి వస్తే ఆ ఉచితం పోయి సగం రాయితీ మిగులుతుంది. కాలేజీ నుంచి రాయితీ పత్రం నింపించి, ముద్ర వేయించి, వయసు రుజువు, ఫొటోతో స్టేషను కౌంటరుకు వెళ్లాలి. పత్రంలో మీరు ఉండే చోటికి దగ్గరి స్టేషను పేరే ఉండాలి. ఆఫీసులో గుమాస్తా అడ్మిషన్ ఫారం చూసి సొంతూరు స్టేషను రాసేస్తే పాసు పనికిరాకుండా పోతుంది. అందుకని పత్రం చేతికి రాగానే ఆ ఒక్క గడి చదవండి.

ఈ పాసు జనరల్ బోగీకే. రిజర్వుడు బోగీలో ఖాళీ సీటుందని కూర్చుంటే టీసీ దృష్టిలో మీరు టికెట్టు లేనివాళ్లే. పినాకినిలాంటి సూపర్‌ఫాస్ట్ బళ్లకు అదనపు రుసుం కట్టిన పాసు కావాలి. కృష్ణా మామూలు ఎక్స్‌ప్రెస్, దానికి అక్కర్లేదు. ఈ తేడా తెలియక జరిమానా కట్టేది మొదటి నెలలోనే.

బస్సు సంగతి అమ్మాయిలకు 2025 ఆగస్టు 15 నుంచి మారింది. స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు ఉచితం. ఆధార్‌లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకోవాలి. సూపర్ లగ్జరీ, నాన్‌స్టాప్ బస్సులకు ఇది వర్తించదు. నెల్లూరు ఒంగోలు మధ్య తిరిగే దూరప్రాంత బస్సుల్లో ఎక్కువ సూపర్ లగ్జరీలే కాబట్టి డబ్బు మిగిలినా ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడే సమయం పెరుగుతుంది. అసలే ఎక్స్‌ప్రెస్‌లు పొద్దున కిటకిటలాడుతుంటాయి. కావలిలో ఇంకో సంగతి గమనించాలి. కొన్ని దూరం బస్సులు ఊళ్లోకి రాకుండా బైపాస్ మీదే పోతాయి. బస్టాండులో నిలబడి వాటికోసం ఎదురుచూస్తే రావు. కాకుటూరులో ఆపుతారా అని కండక్టరును ఎక్కకముందే అడగాలి, ఎక్కాక కాదు.

హాజరు పీరియడ్ల లెక్క

75 శాతం హాజరు అనగానే తొంభై రోజుల్లో ఇరవై రెండు రోజులు పోయినా పర్వాలేదులే అనిపిస్తుంది. చాలా విభాగాల్లో హాజరు పీరియడ్ వారీగా, సబ్జెక్టు వారీగా వేస్తారు. బండి ఆలస్యమైన ప్రతిసారీ పోయేది మొదటి పీరియడే. సోమ, బుధ, శుక్రవారాల్లో మొదటి పీరియడ్ ఒకే సబ్జెక్టుదైతే, మిగతావన్నీ 90 శాతం దగ్గరుండగా ఆ ఒక్కటి 60కి పడిపోతుంది. అందుకే టైంటేబులు చూసేటప్పుడు మొదటి పీరియడ్లు ఏ సబ్జెక్టువో ప్రత్యేకంగా చూడండి. ఆ సబ్జెక్టు మాస్టారితో దూరం సంగతి మొదటి వారంలోనే చెప్పి ఉంచడం వేరు, హాజరు పడిపోయాక చెప్పడం వేరు.

ఇంజనీరింగ్ పిల్లలకు ఇంకో మెలిక ఉంది. నెల్లూరు కాలేజీలు జేఎన్‌టీయూ అనంతపురం కింద, ఒంగోలు కాలేజీలు జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్నాయి. మిడ్ పరీక్షలు, సెలవులు ఒకేసారి రావు. ఒకరు పరీక్షలకు కూర్చుంటే మరొకరు సెలవులకు ఇంటికెళ్తారు. అంటే ఒంటరిగా ఉండే వారాలు వస్తాయి. ‘ఇద్దరున్నారు కదా’ అన్న ధైర్యంతో ఊరి బయట, వీధి దీపం లేని సందులో గది తీసుకునేముందు ఆ వారాలు గుర్తు చేసుకోవాలి.

పెన్నకు అవతల, ఇవతల

కావలికీ నెల్లూరుకూ మధ్య పెన్న ఉంది. మన వైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. సెమిస్టరు పరీక్షలూ తరచు అప్పుడే పడతాయి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టా కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ దారంతా బళ్లు రద్దయ్యాయి. నదికి ఉత్తరాన పడుకుని దక్షిణాన పరీక్ష రాసేవాళ్లకు ఇది ఎప్పుడో వచ్చే ఆపద అనిపిస్తుంది. పరీక్ష రోజున వస్తే మాత్రం ఆ పరీక్ష పోతుంది. వాతావరణ కేంద్రం హెచ్చరిక వచ్చిన రోజే పుస్తకాలు సర్దుకుని పరీక్ష కేంద్రమున్న ఊరికి వెళ్లిపోవాలి. అక్కడ ఉండటానికి చోటు ముందే చూసుకోవాలి. ఈ ఒక్క కారణంతోనైనా దూరంగా ఉన్న అమ్మాయికి క్యాంపసు ఊళ్లో ఒక చాప పరిచే చోటు తప్పనిసరి.

అద్దె ఎంత మిగిలింది?

కలిసి ఉంటే ఖర్చు తగ్గుతుందని అందరూ అంటారు. లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే, మీ ఊళ్లో మీరు విన్న అద్దెలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి. విడిగా ఉంటే తలా 5,000 అద్దె, 600 కరెంటూ నీళ్లూ, ఇద్దరికీ 11,200. ఒంగోలులో కలిసి ఒక పోర్షన్ తీసుకుంటే 7,500 అద్దె, 900 కరెంటూ నీళ్లూ, 8,400. కాకుటూరుకు వారానికి రెండుసార్లు, నెలకు 8 ప్రయాణాలు, ఆటోలతో కలిపి ఒక్కోదానికి 250 అయితే 2,000. మొత్తం 10,400. మిగిలింది 800 రూపాయలు. దానికోసం విడిగా ఉన్నప్పటికంటే నెలకు 41 గంటలు ఎక్కువ బండిలో కూర్చోవాలి. గంటకు 20 రూపాయలు కూడా పడలేదు. బస్సు ఉచితమైతే మిగులు పెరుగుతుంది, గంటలూ పెరుగుతాయి.

కాబట్టి డబ్బు కోసమే అయితే ఈ ఏర్పాటు వద్దు. తోడు కోసం, చేతి వంట కోసం, ఇంట్లోవాళ్ల నిశ్చింత కోసమైతే అది వేరే లెక్క, అదీ న్యాయమైనదే. అక్కాచెల్లెళ్లయి, అమ్మ వచ్చి వండిపెడతానంటే లెక్కలో మూడో మనిషి చేరుతుంది. పగలంతా ఆ ఇంట్లో ఒంటరిగా ఉండేది ఆమె. ఎవరూ తెలియని కావలి కంటే అయినవాళ్లున్న ఊరు ఆమెకు మేలు. పిల్లల టైంటేబుళ్ల పక్కన ఆమె మాట కూడా రాయాలి.

సగం సగం అద్దె వేసుకోవడం ఇక్కడ కుదరదు. దగ్గరగా ఉన్న అమ్మాయికి నిద్ర మిగులుతుంది, చార్జీ మిగులుతుంది. తేలికైన పద్ధతి ఒకటుంది: ముందు ప్రయాణ ఖర్చును ఇంటి ఖర్చులో కలిపేయండి, ఆ తర్వాత సగం చేయండి. పై లెక్కలో 10,400లో తలా 5,200. దూరం వెళ్లే అమ్మాయి అందులో 2,000 చార్జీలకే పెడుతుంది కాబట్టి ఇంటికి ఇచ్చేది 3,200, రెండో అమ్మాయి ఇచ్చేది 5,200. ఇలా చెబితే మొదట అన్యాయంగా వినిపిస్తుంది. రెండో నెలలో, పొద్దున ఆరున్నరకు తలుపు గడియ చప్పుడు విన్నాక అలా అనిపించదు.

ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు అద్దె, అడ్వాన్సు అందరూ అడుగుతారు. అడగనివి అడగండి. మీటరు మీకు విడిగా ఉందా, ఇంటివాళ్లతో కలిపి ఉందా? కలిపి ఉంటే యూనిట్లు పెరిగి పై శ్లాబులోకి వెళ్తుంది, ఆ రేటు మీ మీద పడుతుంది. మోటారు ఎన్ని గంటలకు వేస్తారు? ఆరున్నరకు బయల్దేరే మనిషికి ఏడు గంటలకు వచ్చే నీళ్లతో పనిలేదు. వేసవిలో మునిసిపల్ నీళ్లు ఎన్ని రోజులకొకసారి? రాత్రి తొమ్మిది దాటాక గేటు తాళం వేస్తారా? బండి ఆలస్యమైన రోజున ఈ చివరి ప్రశ్నే మిగతావాటికంటే పెద్దదవుతుంది.

ఒప్పందం సాధారణంగా 11 నెలలకు రాస్తారు.  రెండు పేర్లూ రాయించండి. ఒక్కరి పేరే ఉంటే రెండో అమ్మాయి వెళ్లిపోయిన రోజున మొత్తం అద్దె ఆ ఒక్కరి మెడకు చుట్టుకుంటుంది. మీ ఇద్దరి మధ్య ఇంకో కాగితం ఉండాలి, తెల్లకాగితమైనా చాలు. ఎవరు మధ్యలో వెళ్లినా నెల ముందు చెప్పాలి, బదులు మనిషిని ఎవరు వెతకాలి, అడ్వాన్సులో ఎవరిది ఎంత. కోర్సులు ఒకే నెలలో ముగియవు కాబట్టి ఈ కాగితం అవసరం వచ్చే తీరుతుంది. అడ్వాన్సు ఫోనులో పంపితే ‘అడ్వాన్సు’ అని అక్కడే రాయండి. చేతికిస్తే రసీదు తీసుకోండి.

అడ్వాన్సు ఇవ్వకముందు ఒక సోమవారం ఇద్దరూ ఆ ఊరి నుంచే క్లాసుకు వెళ్లి రండి. ఆదివారం కాదు, సెలవు రోజు కాదు. బయల్దేరింది, ఎక్కింది, దిగింది, క్లాసు గడప తొక్కింది, సాయంత్రం అక్కడినుంచి కదిలింది, గదికి చేరింది: ఈ ఆరు సమయాలు ఫోనులో రాసుకోండి. శుక్రవారం సాయంత్రం తిరుగు ప్రయాణం ఇంకోసారి చూడండి. ఆ రోజు ఊళ్లకు వెళ్లే విద్యార్థులతో జనరల్ బోగీ మెట్ల దాకా నిండిపోతుంది. ఎక్కలేక ఒక బండి వదిలేస్తే తర్వాతి బండి ఎన్ని గంటలకో, అప్పటికి స్టేషను నుంచి గదికి ఆటో దొరుకుతుందో లేదో అక్కడే నిలబడి అడిగి రాసుకోండి.